అజీజా చేసిన పడ్‌తాయ్

బషీర్ కట్టిన బూటు లేసునే మళ్ళీ విప్పాడు. గడపలో కూర్చుంటే వంటగది నేరుగా కనిపిస్తుంది. ఊరికే కూర్చుంటే ఎందుకు కూర్చున్నావని పెళ్ళాం అడుగుతుంది. అందుకని రోజూ పొద్దున్నే ఈ లేసు పని. తల వంచుకుని, కళ్ళు మాత్రం పైకెత్తి, స్టవ్వు ముందు పీట మీద కూర్చున్న అజీజా బేగం చేతులనే చూస్తున్నాడు.

ఆమె సగానికి కోసిన ఉల్లిగడ్డను నూనె గిన్నెలో అలా ముంచి, కడాయి అడుగున గుండ్రంగా రుద్దింది. దోసె పెనానికి రుద్దినట్టు రుద్ది, గిన్నె మీద మూత పెట్టేసింది. అయిపోయింది నూనె.

"కడాయికి నూనె పోస్తున్నవా, బొట్టు పెడుతున్నవా?" అన్నాడు బషీర్.

"డాక్టర్ చెప్పినంతనే పోస్తున్న."

"మరి గుడ్డుల పచ్చసొన ఏడికి పోయింది?"

"కోడినడుగు పో," అంది అజీజా.

ఆ ఇంట్లో మామూలు మాటలు ఉర్దూలో నడుస్తాయి, తగాదాలు తెలుగులో. అజీజా పుట్టింది నల్లమల అంచున ఉన్న పల్లెలో. చుట్టుపక్కల ఇళ్ళన్నీ తెలుగువాళ్ళవే కావడంతో తిట్లన్నీ తెలుగులోనే నేర్చుకుంది. పోయిన ఎండాకాలం అచ్చంపేట బస్టాండు ముందరి హోటల్లో పూరీలు కాలుస్తూ కాలుస్తూ బషీర్ గుండె పట్టుకుని కూలబడిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఉర్దూ వినబడటం బాగా తగ్గిపోయింది.

నూనె, బెల్లం, పల్లీలు, పచ్చసొన అన్నీ బంద్ అన్నారు దవాఖానలో. బషీర్ దేనికీ ఎదురుచెప్పలేదు. మాంసం మానేశాడు, బీడీ మానేశాడు. కువైట్ నుంచి నేర్చుకొచ్చిన పడ్‌తాయ్ వంటకం మాత్రం మానను, మానమంటే చస్తానన్నాడు. తింటే చస్తావన్నది అజీజా. ఆ రెండు చావుల మధ్య ఆమె ఒక దారి వెతికింది. నూనె పోయకుండా రుద్దటం, పల్లీలు వాసనకు మాత్రం నాలుగు దంచి చల్లటం, బెల్లం బదులు చింతపండు పులుపును పలచన చేయటం. రుచి పోకుండా బరువు తీసేయాలని ఆమె తంటాలు. ఎక్కడ ఏం తీసేస్తుందోనని అతని కాపలా.

నిన్న పెంటకుప్ప మీద సొరకాయ తొక్కలు కనిపించాయి. ఇంట్లో వారం నుంచి సొరకాయ కూర వండిన జాడ లేదు. బషీర్ ఆ సంగతి నిన్నంతా కడుపులో దాచుకుని, ఇప్పుడు సమయం చూసి వదిలాడు.

"సొరకాయ ఏం జేసినవే?"

అజీజా ఉలిక్కిపడలేదు. గరిటె కింద పెట్టి, కుడిచేత్తో ఎడమ భుజం నొక్కుకుంది. నొక్కుకుని, మెడ దాకా తడుముకుంది. బషీర్ కళ్ళు మెరిశాయి. దొరికింది!

"అగో! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉన్నది. నేను సొరకాయనే అన్న గదా, గుమ్మడికాయ గూడ ఉన్నదా ఏంది?"

"దొంగతనం కాదు పాడు కాదు. భుజం గుంజుతాంది."

"గుంజదా మరి! నేను హోటల్‌కు పోయినంక కూసోని సొరకాయ సన్నగ దారాల్లెక్క కోరితే గుంజదా?"

అజీజా కొంగుతో మొహం తుడుచుకుంది. వెడల్పాటి మొహం ఆమెది. ముక్కుపుడక పక్కన చెమట బొట్టు నిలిచి ఉంది. బయట చలికి పక్కింటి బక్కమ్మ గొర్రెలు ఒకదాన్నొకటి ఒరుసుకుని వణుకుతున్నాయి. ఇంత చలిలో చెమట ఎవరికి పడుతుంది? తప్పు చేసినవాళ్ళకే పడుతుందని బషీర్ అనుకున్నాడు.

"అమీనా అబ్బా," అంది ఆమె. బషీర్‌ను ఆమె బిడ్డ పేరుతోనే పిలుస్తుంది. "ఇయ్యాల దవాఖానకు పోతవ్ గదా. నేను సుత వస్త. జర చూపించుకోవాలె. ఛాతీల గ్యాస్ పట్టినట్టున్నది."

బషీర్ లేసు కట్టడం ఆపేశాడు. ఇన్నాళ్ళూ లేనిది ఇవాళే ఎందుకు? కొత్త డాక్టరమ్మ వచ్చిందని అచ్చంపేటంతా చెప్పుకుంటున్నారు. ఆమె ముందు కూర్చుని, మా ఆయన హోటల్లో చాటుగా మిరపకాయ బజ్జీలు తింటున్నాడని చెప్పాలని. తింటున్న మాట నిజమే. కానీ ఆ మాట ఈమెకు ఎవరు చెప్పి ఉంటారు?

"నీకేం రోగమే? ఇంత ఓమ నమిలి నీళ్ళు తాగు, తగ్గుతది."

"తిన్న. తగ్గలే."

"రేపు పోదువు తియ్యి."

ఆమె టిఫిను డబ్బా మూత బిగించి చేతికిచ్చింది. బషీర్ దాన్ని చెవి దగ్గర ఊపి చూసి, సంచీలో వేసుకుని వెళ్ళిపోయాడు.

హోటల్లో ఇప్పుడు అతనికి పొయ్యి దగ్గర పని లేదు. యజమాని లింగస్వామి అతన్ని వెనక రేకుల కింద కూర్చోబెట్టి ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు తరగమన్నాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అదే పని. వేళ్ళ నిండా కత్తి గాట్లు. పొడుగాటి మనిషి కావడంతో చిన్న పీట మీద మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటాయి. ఎడమ కనుబొమ ఎప్పుడూ పైకి లేచే ఉంటుంది, ఎవరో ఏదో అబద్ధం చెప్పబోతున్నట్టు.

నమ్మి చెడినవాడు లేడంటారు. ఆ మాట అన్నవాడు బొంబాయి ఏజెంటును చూసి ఉండడు. బషీర్ చూశాడు. వంటవాడి పని అని చెప్పి ఆ ఏజెంటు అతన్ని కువైట్ పంపాడు. అక్కడ దిగాక చేతికి చీపురిచ్చారు. పాస్‌పోర్టు దాచిపెడతామని తీసుకున్నవాళ్ళు, అడిగితే ఏ పాస్‌పోర్టు అన్నారు. అప్పుడు లేచిన కనుబొమ అది, మళ్ళీ దిగలేదు. కూలీల క్యాంపులో మరుగుదొడ్లు కడిగీ కడిగీ, చివరికి మెస్సులో గిన్నెలు తోమే పనికి చేరాడు. ఆ మెస్సులో థాయిలాండ్ కూలీలకు వండే సోంచాయ్ అనే పొట్టి మనిషి ఉండేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరోజు సోంచాయ్ కడాయిలోంచి ఒక పళ్ళెం తీసి ఇతని ముందు పెట్టాడు. తెల్లటి బియ్యం తీగలు, చింతపండు పులుపు, బెల్లం తీపి, ఎండు రొయ్యలు, గుడ్డు, పైన దంచిన పల్లీలు. బషీర్ ఒక ముద్ద తిని ఏడ్చేశాడు. చింతపండు, బెల్లం, పల్లీలు! అది ఏ దేశపు తిండో కానీ అందులో ఉన్నవన్నీ పాలమూరు సరుకులే. ఏమిటిది అని సైగ చేస్తే సోంచాయ్ పళ్ళన్నీ కనబడేలా నవ్వి, పడ్‌తాయ్ అన్నాడు. అరబ్బు దేశంలో బషీర్ అనుమానించకుండా తిన్న తిండి అదొక్కటే.

యుద్ధమొచ్చి అందరూ చెల్లాచెదురయ్యాక ఇంటికి చేరి, బియ్యప్పిండి తడిపి మురుకుల గొట్టంలో వత్తి, ఆవిరి మీద ఉడికించి, కడాయిలో తిప్పి మొదటిసారి చేసి పెట్టాడు. పక్కింటి బక్కమ్మ కూడా వచ్చి తిన్నది.

"బాగున్నది గని దీని పేరేంది బషీరన్నా?"

"పడ్‌తాయ్."

"ఏం పడ్తయ్? ఏడికెల్లి పడ్తయ్?" అని బక్కమ్మ పైకప్పు వంక చూసింది. అజీజా నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. అప్పట్లో ఇంట్లో అంతా ఉర్దూయే.

మధ్యాహ్నం గిరాకీ తగ్గాక బషీర్ టిఫిను డబ్బా విప్పాడు. ఒక తీగను రెండు వేళ్ళతో ఎత్తి, రేకుల సందులోంచి పడే ఎండకు పట్టి చూశాడు.

"బషీర్ భాయ్, పంచనామా మొదలైందా?" అన్నాడు లింగస్వామి లోపలి నుంచి.

బషీర్ పట్టించుకోలేదు. బియ్యప్పిండి తీగ అయితే ఎండకు తెల్లగా మొద్దుగా ఉంటుంది. సొరకాయది గాజులా మెరుస్తుంది. ఒక్కొక్కటే ఏరి, మూత మీద రెండు కుప్పలు పెట్టాడు. సొరకాయ కుప్పే పెద్దది. ఎంత మోసం! ఎండు రొయ్యలు నానబెట్టిన నీళ్ళలోనే ఉడికించి, చింతపండు పట్టించి, ఎంత ఒడుపుగా కలిపేసిందో! తిట్టుకుంటూ తిట్టుకుంటూ రెండు కుప్పలూ తినేశాడు. డబ్బా నాకినంత పని చేశాడు. చింతపండు పాళ్ళు మాత్రం సరిగ్గా కుదిరాయని ఒప్పుకోవాల్సి వచ్చింది, అది కూడా మనసులోనే.

దవాఖానలో కొత్త డాక్టరమ్మ కోస్తా మనిషి. చిన్న వయసు, మంచి మాట. చెవులకు గొట్టం పెట్టుకుని విన్నది, బీపీ చూసింది, మందులు సరిగ్గా వేసుకుంటున్నాడా అని అడిగింది.

"తిండి సంగతి చెప్పండి. మీకు ఏవి పడతాయి?"

బషీర్ స్టూలు మీద ముందుకు జరిగాడు. ఎంత చదువుకున్న మనిషైతే మాత్రం, అచ్చంపేటలో ఇంకెవరికీ తెలియని పేరు ఈమెకు ఎలా తెలుసు!

"అవే మేడమ్! పడ్‌తాయే తింట!"

"పడతాయి కదా, అయితే శుభ్రంగా తినండి. పడేవి మానుకోవడం ఎందుకు?"

"మా ఇంటామె తిననిస్తలేదు."

"ఎందుకు తిననివ్వదు? నేను చెప్పానని చెప్పండి. నూనె మాత్రం..."

నూనె గురించి డాక్టరమ్మ చెప్పింది బషీర్ చెవుల్లోకి పోలేదు. మందుల చీటీ రాస్తూ ఆమె ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగింది.

"ఆమెకేంది మేడమ్, గుండ్రాయి లెక్క ఉన్నది," అన్నాడు బషీర్. ఆ రోజంతటిలో అతను అనుమానించని మనిషి ఆ డాక్టరమ్మ ఒక్కతే.

దారి పొడుగునా ఏం అనాలో కూడబలుక్కున్నాడు. పొద్దు వాలుతుండగా ఇంటికొచ్చేసరికి అజీజా వాకిట్లో గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పని లేకుండా ఆమె అలా కూర్చోవడం అతను ఎప్పుడూ చూడలేదు. వెనకాల ఏదో దాచి, దానికి అడ్డంగా కూర్చుందేమోనని ఒక కన్ను అటు వేశాడు. ఏమీ లేదు.

"ఇగ నీ దొంగతనం బంద్!" అన్నాడు. "డాక్టరమ్మనే చెప్పింది, పడ్‌తాయ్ తినుమని. శుభ్రంగ తినుమన్నది. తిననియ్యకపోతే నా పేరు చెప్పుమన్నది."

అజీజా అతని వైపు అనుమానంగా చూసింది. అనుమానం ఆమెకూ వచ్చు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాత్రం నేర్చుకోదా?

"ఏమని అడిగింది? మాట మాట చెప్పు."

చెప్పాడు. పడతాయి దగ్గరికొచ్చేసరికి అజీజా పెదవి అదిరింది. ఆపుకోబోయింది. ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ముందుకు వంగిపోయింది.

"అయ్యో పిచ్చోడా! నీ ఒంటికి ఏం పడ్తయ్ అని అడిగింది. ఆమెకు నీ కువైట్ సేమియా ఏడ ఎరుక!"

బషీర్ నిలబడిపోయాడు. కాసేపు ఆ మాటలో కూడా మోసం వెతికాడు. దొరకలేదు. దవాఖాన నుంచీ మోసుకొచ్చిన గెలుపు అంతా జారిపోయి, మంచం మీద కూలబడ్డాడు. సిగ్గేసింది. దానికంటే ఎక్కువగా దుఃఖం వచ్చింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అసలైనది తినాలని ఎంత ఆశపడ్డాడో తనకే అప్పుడు తెలిసింది. బూట్లు కూడా విప్పకుండా నేల చూస్తూ ఉండిపోయాడు.

అజీజా నవ్వు ఆపింది. అతని వంగిన వీపును కాసేపు చూసి, గోడ పట్టుకుని లేచింది.

"బైఠో జీ," అంది. "బనాతూఁ."

కూర్చోండి, చేస్తాను. ఎన్ని నెలల తర్వాత ఉర్దూ! బషీర్ తలెత్తాడు.

"సొరకాయ?"

"నై."

"పచ్చసొన?"

"డాల్తూఁ బాబా, సబ్ డాల్తూఁ. ఏక్ దిన్ సే కోయీ మర్‌తా క్యా?"

అన్నీ వేస్తాను, ఒక్కరోజుకు ఎవరూ చావరు అంటూ ఆమె వంటగదిలోకి నడిచింది. బషీర్ వెనకాలే వెళ్ళి గడపలో నిలబడ్డాడు. ఈసారి లేసు నెపం అక్కర్లేకపోయింది. పొద్దున వత్తి ఉడికించిన బియ్యం తీగలు జల్లెడలో ఇంకా ఉన్నాయి. నూనె ధారగా పోసింది. ఎండు రొయ్యలు చిటపటమన్నాయి. రెండు గుడ్లు నేరుగా కొట్టి, పసుపు తెలుపు కలిసేలా తిప్పింది. బెల్లం ముక్క వేసి చింతపండు పులుసు పోసేసరికి ఇల్లంతా కువైట్ మెస్సు వాసన. నడుమ ఒకసారి ఆమె గరిటె ఆపి, కళ్ళు మూసుకుని, పీట అంచు పట్టుకుంది.

"ఏమైంది?"

"కుచ్ నై. పొగ."

బషీర్ కడాయిలోకి తొంగిచూశాడు. తను అటు తిరిగినప్పుడు ఏదైనా కలిపిందా? లేదు, అంతా ఎదురుగానే ఉంది.

పళ్ళెం తెచ్చి వాకిట్లో మంచం ముందు స్టూలు మీద పెట్టింది. పైన గుప్పెడు దంచిన పల్లీలు, పక్కన నిమ్మచెక్క.

"నిమ్మకాయ పిండుకోండి," అంది ఉర్దూలోనే. "నేను కాసేపు ఒరుగుతాను."

బషీర్ వెంటనే తినలేదు. అలవాటు చొప్పున ఒక తీగ ఎత్తి, దిగుతున్న పొద్దుకు పట్టి చూశాడు. తెల్లగా, మొద్దుగా ఉంది. ఇంకొకటి, మరొకటి. అన్నీ బియ్యానివే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అదే రుచి. ఆ క్యాంపు, సోంచాయ్ నవ్వు, తన కన్నీళ్ళు అన్నీ ఆ ముద్దలో ఉన్నాయి. అబ్బ! అనుకున్నాడు. తన పెళ్ళాం చేతికి ఏ దేశపు వంటైనా లొంగుతుంది. ఆ మాట ఆమెకు చెప్పాలి. తిన్నాక చెప్పాలి.

నాలుగు ముద్దలయ్యాక కనుబొమ దానంతటదే లేచింది. ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుంది? ఏదో కావాలి ఆమెకు. కల్వకుర్తిలో బిడ్డ అమీనా దగ్గరికి పోయి పది దినాలు ఉంటానంటుందా? ఉండనీ. అడిగితే సరే అందాం. ముందు ఆమే అడగనీ.

నిమ్మచెక్క అందుకోబోయి ఆగాడు. వేళ్ళ నిండా గాట్లు, పులుపు తగిలితే ప్రాణం పోతుంది.

"అజీజా! జర నిమ్మకాయ పిండి పో. నా వేళ్ళు మండుతయ్."

పలకలేదు.

"ఓయ్, నిన్నే!"

లోపల చప్పుడు లేదు. అలిగిందా? ఇప్పుడే కదా నవ్వింది! పిలిస్తే రానందుకు బషీర్‌కు కోపం వచ్చింది. నేను లేచి పోవాలని చూస్తోంది, లేచి పోతే నేను ఓడినట్టు అనుకున్నాడు. నిమ్మకాయ లేకుండానే మరో రెండు ముద్దలు తిన్నాడు. పులుపు చాలలేదు. చెయ్యి పళ్ళెంలోనే ఉంచి, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

మసీదులో పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ మొదలైంది. ఎంత జ్వరమున్నా అజాన్ వినబడగానే లేచి తల మీదికి కొంగు లాక్కునే మనిషి అజీజా. అజాన్ సగమైంది. అయిపోయింది. లోపల గాజుల చప్పుడు లేదు. అప్పుడు బషీర్ ఎంగిలి చేత్తోనే లేచాడు.

ఆమె చాప మీద గోడ వైపు తిరిగి, మోకాళ్ళు కొంచెం ముడుచుకుని పడుకుని ఉంది.

"నాటకం చాలు, లే," అన్నాడు. వంగి పాదం పట్టుకున్నాడు. పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకున్నాడు. తర్వాత అతను ఏ భాషలో అరిచాడో అతనికే తెలియదు.

బక్కమ్మ గొర్రెలను వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, ఛాతీ మీద చెవి పెట్టి విన్నది. చాలాసేపు విన్నది. తర్వాత అజీజా కొంగు సరిచేసి, అక్కడే కూలబడింది.

"పొద్దుగాలసంది ఛాతీల నొప్పి, ఛాతీల నొప్పి అంటనే ఉన్నది అక్క. నీకు చెప్పలేదా బషీరన్నా?"

"చెప్పింది," అన్నాడు బషీర్. "చెప్పింది బక్కమ్మా. నేనే ఆమెను దొంగ అన్న."

ఇల్లు మనుషులతో నిండింది. లింగస్వామి హోటల్ మూసేసి వచ్చాడు. ఆడవాళ్ళు నీళ్ళు కాచారు. కల్వకుర్తికి కబురు పోయింది, అమీనా వచ్చే దాకా ఆగుదామన్నారు. బషీర్‌ను ఎవరో లోపల అజీజా తల దగ్గర కూర్చోబెట్టారు. ఎండిపోయిన ఎంగిలి చేతిని ఒళ్ళో పెట్టుకుని అతను ఆమె మొహమే చూస్తూ ఉండిపోయాడు. ఇన్ని నెలలుగా చూసింది చేతులనే.

మనుషులు కూర్చోవడానికి వాకిట్లో మంచం పక్కకు జరిపారు. స్టూలును ఎవరో గోడ వారకు నెట్టారు. దాని మీద పళ్ళెంలో మిగిలిన తీగలు చలికి బిగుసుకుపోయాయి. అంచున నిమ్మచెక్క, పిండకుండా, అలాగే ఉంది.